కరెన్సీ ఉమ్మడి, కష్టం ఎవరికి వారిదేనా?

ఇచ్ఛాపురం దాటి జాతీయ రహదారి మీద కాస్త ముందుకెళితే ఒడిశా వచ్చేస్తుంది. పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర ఒకప్పుడు సరుకు బిల్లులు చూపించడానికి లారీలు బారులు తీరి ఉండేవి. 2017 జూలై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చాక ఆ పన్ను తనిఖీ పోయింది. పెట్రోలు మాత్రం జీఎస్టీలోకి రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏళ్ల తరబడి పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానికి తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రోడ్డు సెస్సు కింద ఇంకో రూపాయి వసూలు చేస్తున్నారు. ఒడిశాలో పన్ను అంతకంటే తక్కువ. అందుకే సరిహద్దు ఊళ్ల జనం వీలైనప్పుడల్లా అవతలి బంకులోనే బండి ట్యాంకు నింపించుకుంటారు.

జేబులోంచి తీసి ఇచ్చే నోటు మాత్రం రెండు వైపులా ఒకటే. ఆ నోటు విలువ, దేశంలో వడ్డీ రేటు అమరావతి చేతిలోనూ లేవు, భువనేశ్వర్ చేతిలోనూ లేవు. ముంబైలోని రిజర్వు బ్యాంకు చేతిలో ఉన్నాయి. పన్నుల్లో కొన్ని రాష్ట్రం వేస్తుంది, కొన్ని కేంద్రం వేస్తుంది, కొన్ని ఇద్దరూ కలిసి వేస్తారు. రాష్ట్రం అప్పు తెచ్చుకోవాలంటే కేంద్రం సరే అనాలి. కరెన్సీని ఉమ్మడి చేసుకున్న ప్రతిచోటా ఈ పంపకం తేలాల్సిందే: పన్ను, ఖర్చు, అప్పు అనే మూడు అధికారాల్లో ఏది పైన ఉండాలి, ఏది కింద ఉండాలి? యూరప్‌లో 1999 నుంచి నలుగుతున్న ప్రశ్న ఇదే. 11 దేశాలతో మొదలైన యూరో కూటమిలో 2026 జనవరిలో బల్గేరియా చేరడంతో సభ్యుల సంఖ్య 21కి పెరిగింది. ఆ దేశాల గొడవ మనకెందుకు అనిపించవచ్చు. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు పడే కొన్ని కష్టాలు ఆ అనుభవం పక్కన పెట్టి చూస్తేనే సరిగ్గా అర్థమవుతాయి.

రెపో రేటుకు ఉద్దానం కనిపించదు

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం అని పిలిచే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. వరి పోతే వచ్చే ఏడాది మళ్లీ వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఐదారేళ్లు పడుతుంది, జీడికి మూడు నాలుగేళ్లు. అంటే ఉద్దానం రైతు ఒక పంట కాదు, వరసగా కొన్నేళ్ల రాబడి ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నాడు. తోటలో పని లేక కూలీ, జీడి పిక్కలు రాక వ్యాపారి, బేరం లేక కాశీబుగ్గలో కొట్టు పెట్టుకున్నవాడు వరసగా దెబ్బతిన్నారు.

దానికి సరిగ్గా ఆరు రోజుల ముందు, అక్టోబర్ 5న, రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 శాతం దగ్గర ఉంచి, ఇకపై వడ్డీ పెరగొచ్చు తప్ప తగ్గదని సంకేతం ఇచ్చింది. అప్పుడు దేశం మొత్తం మీద ధరల గురించి ఆలోచిస్తే అది తప్పేమీ కాదు. ఉద్దానం కోసం దేశమంతటా వడ్డీ తగ్గించమని అడగడంలో న్యాయం లేదు కూడా. సమస్య అక్కడే ఉంది. ఉమ్మడి కరెన్సీలో వడ్డీ రేటు అందరి సగటుకు కుట్టిన చొక్కా. ఒక మూల ప్రాంతానికి మాత్రమే తగిలిన దెబ్బకు అది సరిపోదు.

శ్రీకాకుళానికి సొంత కరెన్సీ ఉందనుకుంటే ఏమయ్యేది? తుఫాను తర్వాత దాని విలువ పడిపోయేది. పలాస జీడిపప్పు బయటివాళ్లకు చవకయ్యేది, వియత్నాం పప్పుతో పోటీ తేలికయ్యేది, నిలదొక్కుకోవడానికి కాస్త ఊపిరి దొరికేది. ఈ లాభం అంత సులువుగా రాదన్నదీ నిజమే. పలాస ఫ్యాక్టరీలు ఆఫ్రికా నుంచి కూడా ముడి పిక్కలు తెప్పించుకుంటాయి కాబట్టి ఆ ఖర్చు పెరిగేది. అయినా ఒక దారంటూ ఉండేది. ఉమ్మడి కరెన్సీలో ఆ దారి మూసుకుపోతుంది. 80 కిలోల పిక్కల బస్తాకు గిట్టుబాటు ధర కోసం రైతు రోడ్డెక్కినప్పుడు, ఆ ధర వెనక ఉన్న రూపాయి మారకం విలువ జిల్లాలోనే కాదు, రాష్ట్రంలో కూడా ఎవరి చేతిలోనూ లేదు.

1961లో రాబర్ట్ మండెల్ అనే ఆర్థికవేత్త ఈ విషయాన్నే సిద్ధాంతంగా పెట్టాడు. కరెన్సీ పంచుకునే ప్రాంతాల్లో ఒకదానికి దెబ్బ తగిలితే అక్కడి జనం పనికోసం ఇంకో ప్రాంతానికి సులువుగా వెళ్లగలగాలి, లేకపోతే ఆ కరెన్సీ కూటమి కుదుటపడదన్నాడు. ఈ మాట ఉత్తరాంధ్రకు ఎవరూ పాఠంగా చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం తీరంలోని మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు. అలా వెళ్లినవాళ్లలో కొందరు 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు భవన నిర్మాణాల్లో ఈ రెండు జిల్లాల చేతులు లేని చోటు అరుదు. మండెల్ లెక్కలో ఇది సర్దుబాటు. ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు మిగిలిన ఇంటి లెక్కలో అది ఇంకొకటి. పైగా జీఎస్టీ సరుకు వాడిన చోటికి చేరే పన్ను. సిక్కోలు (శ్రీకాకుళం) మేస్త్రి హైదరాబాద్‌లో కొనుక్కున్న సబ్బు మీద రాష్ట్ర వాటా పన్ను తెలంగాణకే వెళుతుంది. మనిషి వెళ్లిపోతాడు, అతని ఖర్చు మీద వచ్చే పన్నులో చాలా భాగం వెళ్లిపోతుంది, ఊరి అవసరాలు మాత్రం ఇక్కడే ఉంటాయి.

1969లో పీటర్ కెనెన్ అనే ఇంకో ఆర్థికవేత్త మండెల్ మాటకు రెండో సగం జోడించాడు. మనుషులు కదలడంతోపాటు డబ్బూ కదలాలి. ఉమ్మడి ఖజానా ఒకటి ఉండి, దెబ్బతిన్న ప్రాంతం నుంచి పన్ను తక్కువ తీసుకుని, అక్కడ ఎక్కువ ఖర్చు పెట్టాలి. అది అప్పటికప్పుడు ఎవరో దయతలచి ఇచ్చేది కాకుండా, పద్ధతి ప్రకారం తనంతట తాను జరిగిపోవాలి. కరెన్సీ కూటముల చర్చ అంతటిలోనూ బరువైన మాట ఇది. యూరప్ చేసిన పొరపాటు, భారత్‌లో సగమే సరిపడిన ఏర్పాటు, రెండూ ఇక్కడే బయటపడతాయి.

తిత్లీ తర్వాత డబ్బు కదలలేదని అనలేం. విపత్తు నిధి ఉంది, కేంద్ర బృందాలు వచ్చి చూస్తాయి, నివేదిక ఢిల్లీ వెళుతుంది, కమిటీలు కూర్చుంటాయి, కొంత మొత్తం మంజూరవుతుంది. కానీ అది సాయానికి కట్టిన లెక్కే తప్ప నష్టానికి కట్టినది కాదు. అప్పట్లో అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం తోటలకు హెక్టారుకు 18,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరాకు 60 కొబ్బరి చెట్లు వేసుకున్నా చెట్టుకు 120 రూపాయల పైచిలుకు పడుతుంది. నాలుగైదు కొబ్బరికాయలు అమ్మితే వచ్చే డబ్బు. ఆపైన ఇవ్వాలంటే రాష్ట్రం తన జేబులోంచి తీయాలి. రాష్ట్రం జేబు ఎంత లోతన్నది మళ్లీ కేంద్రం పెట్టే అప్పు పరిమితి మీద ఆధారపడి ఉంటుంది.

యూరప్ రాసుకున్న ఒప్పందం

1992 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో సంతకాలైన ఒప్పందం వడ్డీ రేటును, కరెన్సీని పైకి పంపేసి, పన్నులనూ ఖర్చులనూ దేశాల దగ్గరే ఉంచింది. దేశాలు దుబారా చేయకుండా రెండు గీతలు గీసింది: లోటు జీడీపీలో 3 శాతం దాటకూడదు, అప్పు 60 శాతం దాటకూడదు. ఒక దేశం అప్పు ఇంకో దేశం నెత్తిన పడదని, కేంద్ర బ్యాంకు ప్రభుత్వాలకు నేరుగా అప్పివ్వదని కూడా రాసుకున్నారు. ఎవరి సంసారం వాళ్లు చక్కబెట్టుకుంటే ఉమ్మడి ఖజానా అక్కర్లేదన్నది దీని వెనకున్న నమ్మకం. 2003లో ఫ్రాన్స్, జర్మనీ రెండూ ఆ 3 శాతం గీత దాటాయి. శిక్షించాల్సిన మంత్రుల మండలి చర్యను పక్కన పెట్టింది. పెద్దవాళ్లకు రూలు ఎలా వంగుతుందో మిగతా దేశాలన్నీ చూశాయి.

2009 అక్టోబరులో గ్రీస్‌లో కొత్తగా వచ్చిన ప్రభుత్వం, లోటు అప్పటిదాకా చెప్పినదానికి రెట్టింపు కంటే ఎక్కువని బయటపెట్టింది. చివరికి తేలిన లెక్కలో అది జీడీపీలో 15 శాతం దాటింది. యూరోలో చేరిన కొత్తలో దాదాపు జర్మనీతో సమానంగా వడ్డీకి అప్పు పుట్టిన దేశానికి ఒక్కసారిగా అప్పు పుట్టకుండా పోయింది. 2010 మేలో 110 బిలియన్ యూరోల రుణం ఇచ్చారు. దానితోపాటు పింఛన్లు కోయడం, జీతాలు తగ్గించడం, పన్నులు పెంచడం షరతులుగా వచ్చాయి. సొంత కరెన్సీ ఉంటే దాని విలువ తగ్గించుకుని ఎగుమతులు పెంచుకునేవాళ్లు. ఆ దారి లేదు కాబట్టి నేరుగా మనుషుల జీతాలు తగ్గించారు. ఆర్థిక వ్యవస్థ నాలుగో వంతు కుంచించుకుపోయింది. 2013లో నిరుద్యోగం 27 శాతానికి చేరింది. ఆదాయం పడిపోవడంతో అప్పు భారం తగ్గకపోగా జీడీపీలో సుమారు 180 శాతానికి పెరిగింది. మూడు రుణ ప్యాకేజీల తర్వాత 2018 ఆగస్టులో గానీ గ్రీస్ ఆ షరతుల నుంచి బయటపడలేదు.

గ్రీస్ లెక్కలు దాచింది కాబట్టి అనుభవించిందని సరిపెట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. మరి స్పెయిన్ సంగతేమిటి? సంక్షోభానికి ముందు 2007లో స్పెయిన్ బడ్జెట్ మిగులులో ఉంది. అప్పు జీడీపీలో 40 శాతం కూడా లేదు. ఐర్లాండ్ అప్పు అంతకంటే తక్కువ. రెండూ రూలు తప్పని దేశాలు. యూరో వడ్డీ జర్మనీకి సరిపోయేలా తక్కువగా ఉండటంతో అక్కడ ఇళ్ల స్థలాల మీద, అపార్టుమెంట్ల మీద డబ్బు కుమ్మరించారు. ఆ బుడగ పేలాక బ్యాంకులు కూలాయి. వాటిని నిలబెట్టే భారం ప్రభుత్వాల మీద పడింది. రూలు పాటించినవాళ్లూ మునిగారంటే లోపం రూలు పాటించడంలో లేదు, ఏర్పాటులోనే ఉంది. 2010 తర్వాత యూరప్‌లో ఇంకా కఠినమైన రూళ్లు రాసుకోవడానికి పోయిన శక్తిలో సగం ఈ సంగతి మీద పెట్టి ఉంటే లక్షలాది మంది జీవితాలు అంతగా దెబ్బతినేవి కావు.

ఉమ్మడి ఖజానా కావాలన్న మాట యూరప్‌కు తెలియక కాదు. 1977లో డోనాల్డ్ మెక్‌డూగల్ నాయకత్వంలో నిపుణుల బృందం, సమాఖ్య స్థాయికి చేరని తొలి దశలోనే ఉమ్మడి బడ్జెట్ జీడీపీలో 2 నుంచి 2.5 శాతం ఉండాలని, చిన్నపాటి సమాఖ్యగా మారాలంటే 5 నుంచి 7 శాతం కావాలని చెప్పింది. నేటికీ ఐరోపా సమాఖ్య మామూలు బడ్జెట్ సభ్య దేశాల ఆదాయంలో 1 శాతం చుట్టూనే తిరుగుతోంది. భారత కేంద్ర ప్రభుత్వ ఖర్చు జీడీపీలో సుమారు 15 శాతం, అమెరికా కేంద్ర ప్రభుత్వ ఖర్చు 20 శాతం పైనే. అమెరికాలో ఒక రాష్ట్రం దెబ్బతింటే అక్కడివాళ్లు వాషింగ్టన్‌కు కట్టే ఆదాయపు పన్ను దానంతటదే తగ్గుతుంది, పింఛన్లు మాత్రం యథాప్రకారం వస్తూనే ఉంటాయి. ఎవరూ ఎవరికీ అర్జీ పెట్టుకోనక్కర్లేదు. గ్రీస్‌లో పింఛనుదారుకు ఆ భరోసా లేదు, ఎందుకంటే అతని పింఛను ఏథెన్స్ ఖజానాదే.

చివరికి యూరోను నిలబెట్టింది ఖజానా కాదు, కేంద్ర బ్యాంకు. 2012 జూలై 26న లండన్‌లో యూరోపియన్ కేంద్ర బ్యాంకు అప్పటి అధ్యక్షుడు మారియో ద్రాగీ, యూరోను కాపాడటానికి తన పరిధిలో ఏం చేయాలన్నా చేస్తామని ప్రకటించాడు. సెప్టెంబరులో సభ్య దేశాల బాండ్లు కొనే పథకం తెచ్చాడు. ఆ పథకం కింద ఒక్క యూరో కూడా ఖర్చు పెట్టకుండానే స్పెయిన్, ఇటలీల వడ్డీలు దిగొచ్చాయి. ఎన్నికైన ప్రభుత్వాలు పంచుకోవాల్సిన బాధ్యతను ఎవరూ ఎన్నుకోని బ్యాంకు నెత్తికెత్తుకుంది. ఆ రోజుకు అది తప్పనిసరి. ఎప్పటికీ అలాగే నడిపించడం సరైనది కాదు.

ఒకే ఏడాది, రెండు దారులు

2020లో కరోనా వచ్చినప్పుడు రెండు కూటములకూ ఒకేసారి పరీక్ష ఎదురైంది.

జీఎస్టీలో చేరినప్పుడు రాష్ట్రాలు తమ సొంత పన్నుల్లో పెద్ద భాగం వదులుకున్నాయి. దానికి బదులు 2015–16 ఆదాయం మీద ఏటా 14 శాతం పెరుగుదల లెక్కకట్టి, తగ్గినంతా ఐదేళ్లపాటు భర్తీ చేస్తామని చట్టమే హామీ ఇచ్చింది. ఆ హామీకి డబ్బు ఒక సెస్సు నుంచి రావాలి. లాక్‌డౌన్‌లో సెస్సు కూడా పడిపోయింది. 2020 ఆగస్టు 27న జీఎస్టీ మండలి సమావేశంలో కేంద్రం రాష్ట్రాల ముందు రెండు దారులు పెట్టింది. రెండింటిలోనూ అప్పు చేయాల్సింది రాష్ట్రాలే. చాలా రాష్ట్రాలు గట్టిగా అభ్యంతరం చెప్పాక అక్టోబరులో కేంద్రం మెత్తబడి, తానే 1.1 లక్షల కోట్లు అప్పు చేసి రాష్ట్రాలకు రుణంగా మళ్లించింది. మరుసటి ఏడాది ఇంకో 1.59 లక్షల కోట్లు. అసలూ వడ్డీ సెస్సు నుంచే తీర్చేలా గడువు పొడిగించారు కాబట్టి రాష్ట్రాల మీద భారం పడలేదన్నది నిజం. కానీ ఆస్పత్రుల్లో మంచాలు దొరకని రోజుల్లో, చట్టంలో రాసి ఉన్న హామీ కోసం రెండు నెలలు వాదించుకోవాల్సి వచ్చింది.

అదే 2020 జూలైలో, ఉమ్మడి అప్పు అన్న మాట వింటేనే ఉలిక్కిపడే యూరప్ 750 బిలియన్ యూరోల ఉమ్మడి అప్పుకు ఒప్పుకుంది. అందులో 390 బిలియన్లు తిరిగి ఇవ్వక్కర్లేని గ్రాంటు. ఎక్కువ దెబ్బతిన్న ఇటలీ, స్పెయిన్‌లకు ఎక్కువ వాటా. ఈ అప్పు 2058 లోపు ఉమ్మడిగా తీర్చాలి. నెదర్లాండ్స్, ఆస్ట్రియా, స్వీడన్, డెన్మార్క్ చివరిదాకా బెట్టుచేశాయి. చిన్న బడ్జెట్టున్న కేంద్రం పెద్ద అడుగు వేసింది. పెద్ద బడ్జెట్టున్న కేంద్రం ముందు వెనకాడింది. అధికారం ఎంత పైన పోగైందన్నది ఒక్కటే చూస్తే ఈ తేడా అర్థం కాదు. పోగైన అధికారంతోపాటు బాధ్యత కూడా ఖచ్చితంగా రాసి ఉందా లేదా అన్నది చూడాలి.

అప్పు విషయంలో భారత్ ఏర్పాటు యూరప్‌కు పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. కేంద్రానికి బాకీ ఉన్న ఏ రాష్ట్రమైనా కొత్త అప్పుకు కేంద్రం అనుమతి తీసుకోవాలని రాజ్యాంగం 293వ అధికరణ చెబుతుంది. రాష్ట్రాల బాండ్లను రిజర్వు బ్యాంకే వేలం వేస్తుంది. బాగా నడిచే రాష్ట్రానికీ, పీకలదాకా అప్పున్న రాష్ట్రానికీ వడ్డీలో తేడా స్వల్పం. గ్రీస్‌కు జరిగినట్టు ఒక రాష్ట్రానికి రాత్రికి రాత్రి అప్పు పుట్టకపోవడం ఇక్కడ జరగలేదు. ఇది చిన్న మేలు కాదు. దానికి కట్టే మూల్యం, పరిమితి ఎంతన్నది ఢిల్లీ చెప్పడం.

ఆ మూల్యం ఎంత దూరం వస్తుందో శ్రీకాకుళం చూసింది. 2020లో రాష్ట్రాల అప్పు పరిమితిని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచినప్పుడు, అందులో ఎక్కువ భాగానికి షరతులు పెట్టారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, పట్టణాల్లో ఆస్తి పన్ను సవరణ, విద్యుత్ సంస్కరణలు వాటిలో కొన్ని. వ్యవసాయ కరెంటు సబ్సిడీని నేరుగా రైతు ఖాతాలో వేయడం విద్యుత్ సంస్కరణల్లో భాగం. అలా వేయాలంటే మోటారుకు మీటరు ఉండాలి. ఆంధ్రప్రదేశ్ దానికి పైలట్‌గా ఎంచుకున్నది శ్రీకాకుళం జిల్లానే. కేంద్ర, రాష్ట్ర ఆర్థిక శాఖల మధ్య జరిగిన బేరం చివరికి వంశధార ఆయకట్టు గట్టు మీద స్టార్టరు పెట్టె పక్కన మీటరై కూర్చుంది. మీటరు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఊరివాళ్లు ఎన్నుకున్న ప్రభుత్వం తీసుకోవాల్సిన నిర్ణయం అప్పు షరతు రూపంలో పైనుంచి దిగింది. ఏథెన్స్‌లో పింఛన్ల కోత గురించి జనం వేసిన ప్రశ్న కూడా ఇదే తరహాది: ఈ నిర్ణయం ఎవరిది, దీనికి ఎవరిని నిలదీయాలి?

ఇక్కడ అవతలి వాదనకు కూడా చెవి ఒగ్గాలి. నష్టం ఉమ్మడి అంటే దుబారా చేసేవాడికి అడ్డేముంది అని జర్మనీ, నెదర్లాండ్స్ పన్నుదారులు అడిగేది న్యాయమైన ప్రశ్నే. మన దగ్గర కూడా రాష్ట్రాలు కార్పొరేషన్ల పేరుతో బడ్జెట్‌కు బయట అప్పులు చేసి, వాటిని ఖజానా నుంచే తీర్చడం జరిగింది. దీనికి మందు నష్టాన్ని ఉమ్మడిగా పంచుకునే బీమాను ఎత్తేయడం కాదు. తుఫాను, మహమ్మారి లాంటి, ఎవరి తప్పూ లేని దెబ్బకు వచ్చే సాయాన్నీ, రాష్ట్రం తెలిసి చేసిన అప్పునూ వేర్వేరు ఖాతాల్లో పెట్టడం. మొదటిది అడగకుండా రావాలి. రెండోది చేసినవాళ్లే మోయాలి. ఇప్పుడు రెండూ కలగాపులగంగా ఉన్నాయి.

సగటులో మునిగిపోయే జిల్లా

ఒక విషయంలో యూరప్ ఏర్పాటు మనకంటే మెరుగు. ఐరోపా సమాఖ్య బడ్జెట్‌లో సుమారు మూడో వంతు వెనకబడిన ప్రాంతాల అభివృద్ధికి వెళుతుంది. ఆ డబ్బు లెక్క దేశం సగటు మీద కాక ప్రాంతం సగటు మీద కడతారు. తలసరి ఆదాయం సమాఖ్య సగటులో 75 శాతం లోపు ఉన్న ప్రాంతానికి ఎక్కువ సాయం. ఇటలీ మొత్తంగా సంపన్న దేశమే, ఉమ్మడి బడ్జెట్‌కు తీసుకునేదానికంటే ఎక్కువే ఇస్తుంది. అయినా దాని దక్షిణాన ఉన్న కలాబ్రియా, సిసిలీలను వాటి సొంత ఆదాయం చూసి లెక్కకడతారు.

కేంద్ర పన్నుల పంపకం తేల్చే మన ఆర్థిక సంఘం రాష్ట్రం దగ్గరే ఆగిపోతుంది. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచదగ్గ పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వమంది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతంగా ఉండేది. కేంద్రం వేసే సెస్సులు, సర్‌ఛార్జీలు ఈ పంపకంలోకి రావు. వాటా తేల్చే లెక్కలో 45 శాతం బరువు తలసరి ఆదాయపు తేడాకు ఇచ్చారు. కానీ ఆ తలసరి రాష్ట్రం మొత్తానిది. విశాఖ ఉక్కు, ఓడరేవు, కృష్ణా డెల్టా చేపల చెరువులు అన్నీ కలిపి తీసిన సగటులో భామిని, మెళియాపుట్టి మండలాలు ఎక్కడా కనిపించవు. రాష్ట్రానికి వచ్చిన వాటాను కిందికి పంచాల్సిన రాష్ట్ర ఆర్థిక సంఘాలు 73వ రాజ్యాంగ సవరణ నుంచీ ఉన్నాయి. వాటి నివేదికలు ఆలస్యం కావడం, వచ్చినా అటకెక్కడం దేశమంతటా మామూలైపోయింది. కేంద్రం నుంచి హక్కుగా వాటా అడిగే రాష్ట్రాలు, తమ జిల్లాలకు అదే హక్కు ఇవ్వడానికి ముందుకు రావు. ఉత్తరాంధ్ర నాయకులు ఢిల్లీని నిలదీసినంత గట్టిగా సొంత రాజధానిని ఈ విషయంలో నిలదీయకపోవడం బాధ కలిగిస్తుంది.

జిల్లా స్థాయికి దిగిన ప్రయత్నం ఒకటి జరిగింది. రాష్ట్ర విభజన చట్టం 46వ సెక్షన్ రాయలసీమకు, ఉత్తరాంధ్రకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ గురించి చెప్పింది. పక్కనే ఒడిశాలో కలహండి, బొలంగీర్, కోరాపుట్ జిల్లాలకు ఇచ్చిన ప్యాకేజీ తరహాలో ఉంటుందని 2014 ఫిబ్రవరిలో అప్పటి ప్రధాని రాజ్యసభలో అన్నారు. శ్రీకాకుళం, విజయనగరం సహా ఏడు జిల్లాలకు జిల్లాకు 50 కోట్ల చొప్పున, మొత్తం ఏటా 350 కోట్లు మొదటి మూడేళ్లు వచ్చాయి. 2018లో ఖాతాలో పడిన డబ్బు వెనక్కి పోయింది. ఆ తర్వాత ఏ ఏడాది ఎంత వస్తుందో ముందే తెలిసే పద్ధతి లేదు. 50 కోట్లతో ఒక జిల్లా దశ మారుతుందని ఎవరూ అనుకోరు. కలాబ్రియాకు ఏడేళ్ల బడ్జెట్ ముందే తెలుస్తుంది, విజయనగరం కలెక్టరుకు వచ్చే ఏడాది సంగతి తెలియదు.

అడగకుండా వచ్చిన ఒకే ఒక్క డబ్బు

కెనెన్ చెప్పిన, తనంతట తాను కదిలే డబ్బుకు మన దగ్గర అన్నిటికంటే దగ్గరగా వచ్చింది జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం. 2006 ఫిబ్రవరిలో మొదటి విడతగా తీసుకున్న 200 జిల్లాల్లో విజయనగరం ఒకటి. శ్రీకాకుళం మరుసటి విడతలో చేరింది. కూలి డబ్బు పూర్తిగా కేంద్రానిది, సామగ్రి ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రానిది. అన్నిటికంటే ముఖ్యం, పని అడిగితే ఇవ్వాల్సిందే. వానలు పడని ఏడాది చీపురుపల్లి, గజపతినగరం వైపు చెరువు పూడిక పనుల దగ్గర కూలీల పెద్ద అయిన మేటు చేతిలో మస్టరు, అంటే హాజరు పట్టీ, మందమవుతుంది. వానలు పడి నాట్లు మొదలైతే అదే మస్టరు పలచబడుతుంది. కేంద్రం ఖర్చు జిల్లా కష్టంతోపాటు పెరిగి, కష్టంతోపాటు తగ్గుతుంది. నివేదికలు, కమిటీలు, ఢిల్లీ ప్రయాణాలు అక్కర్లేదు. కూలి ఆలస్యం కావడం, పనుల్లో అక్రమాలు అందరికీ తెలిసినవే. అయినా రూపాయి కూటమిలో ఒక పేద జిల్లాకు ఉన్న అసలైన బీమా అదే.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వీబీ–జీ రామ్ జీ చట్టం దీని స్థానంలో వస్తుంది. పని దినాలు వందనుంచి 125కు పెరిగాయి, అది మంచిదే. కానీ ఖర్చులో ఆంధ్రప్రదేశ్ లాంటి రాష్ట్రాలు 40 శాతం భరించాలి. కేంద్రం ప్రతి రాష్ట్రానికీ ఏటా ఒక కేటాయింపు ముందే నిర్ణయిస్తుంది, దానికి మించి అయ్యే ఖర్చు రాష్ట్రానిది. విపత్తు వచ్చిన ఏడాది సడలింపు కోరవచ్చు, ఇవ్వడం కేంద్రం నిర్ణయం. తిత్లీ లాంటి తుఫాను మళ్లీ పలాస దగ్గర తీరం దాటి, తోటలు పోయిన జనం ఒక్కసారిగా పనికి వచ్చారనుకుందాం. కేటాయింపు దాటిన ప్రతి మస్టరుకూ డబ్బు రాష్ట్రం చూసుకోవాలి. తుఫాను వచ్చిన ఏడాది రాష్ట్రం సొంత ఆదాయం కూడా తగ్గుతుంది. అప్పు చేద్దామంటే పరిమితి అడ్డం. పరిమితి పెంచాలంటే మళ్లీ ఢిల్లీకి ఫైలు వెళ్లాలి. ఆ ఫైలు తిరిగొచ్చేలోపు ఉద్దానం యువకులు వెరావల్ రైలు ఎక్కేస్తారు.